తీరం వడ్డించిన విస్తరి

ఒక ప్రాంతపు చరిత్రను తెలుసుకోగోరినవారు శాసనాలు చదవాలి, కైఫీయతులు తిరగవేయాలి, శిథిలాలను పరిశీలించాలి అని పెద్దలు చెబుతారు. అందులో సందేహం లేదు. అయితే చరిత్రకు మరొక భాండాగారం కూడ కలదు. అది వంటిల్లు. శాసనం ఒకసారి చెక్కబడి ఊరుకుంటుంది. వంట ప్రతిదినం కొత్తగా సిద్ధమవుతూ, తరం నుండి తరానికి చేతిమీదుగా అందుతూ ఉంటుంది. రాజులు మారినా, రేవులు పూడిపోయినా, పత్రాలను చెదలు తిన్నా, ఆ ఊరికి ఎవరు వచ్చారో, ఏమి తెచ్చారో తెలిపే ఆనవాళ్ళు అక్కడి పులుసులోను, మిఠాయిలోను మిగిలి ఉంటాయి.

ఈ దృష్టితో మేము కొన్ని సంవత్సరాల సెలవులలో, విడతలు విడతలుగా, నెల్లూరు మొదలు శ్రీకాకుళం వరకు ఆంధ్ర తీరాన్ని చూస్తూ వచ్చాము. ఈ తీరం పొడవు సుమారు వెయ్యి కిలోమీటర్లు. చెన్నై నుండి హౌరా పోయే ప్రధాన రైలు మార్గం చాలాచోట్ల సముద్రానికి దూరంగానే సాగుతుంది. పాత రేవు పట్టణాలను చూడగోరినవారు దారిలో దిగి శాఖా మార్గం పట్టవలసిందే. గుడివాడ మీదుగా బందరుకు, భీమవరం మీదుగా నరసాపురానికి, సామర్లకోట నుండి కాకినాడకు అలాగే చేరాలి. ఒకప్పుడు దేశానికి సింహద్వారాలుగా ఉన్న ఊళ్ళు నేడు రైలు పట్టాల చివర ఉన్నాయి. ఈ మార్పును గమనించినప్పుడే ఆ ఊళ్ళ భోజనంలోని విశేషం బోధపడుతుంది.

మన కళాశాల విద్యార్థులకు ఈ విషయం వినోదం కోసం మాత్రమే చెప్పడం లేదు. ఉర్దూ, తెలుగు రెండు భాషల నీడలో పెరిగే మన పిల్లలకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. "ఇది ఇక్కడిదా, ఎక్కడినుండో వచ్చినదా?" అని. భాషను గురించి, వేషాన్ని గురించి, ఆహారాన్ని గురించి కూడ ఈ ప్రశ్న వస్తుంది. కొందరు దానిని సరదాకు అడుగుతారు, కొందరు నొప్పించడానికి అడుగుతారు. ఎవరు అడిగినా దానికి సమాధానం తెలిసి ఉండడం మంచిది. ఆంధ్ర తీరం ఆ సమాధానాన్ని విస్తరిలో వడ్డించి చూపుతుంది.

నెల్లూరు: ఒక పులుసు, నాలుగు దేశాలు

నెల్లూరు పేరులోనే నెల్లు ఉన్నది. నెల్లు అంటే వరి. పెన్నా నీటితో పండే ఈ సీమలో మొలగొలుకులు అనే సన్నబియ్యానికి ఒకప్పుడు గొప్ప ప్రసిద్ధి ఉండేది. అన్నం ఇంత మంచిదైన చోట దానికి తగిన పులుసు పుట్టడం సహజమే. నెల్లూరు చేపల పులుసు నేడు తెలుగువారున్న ప్రతి నగరంలోను హోటలు బోర్డుల మీద కనబడుతుంది. కాని దానిని చక్కగా తినాలంటే నెల్లూరిలో, అదీ వండిన మరునాడు తినాలి. రాత్రి వండి దించిన పులుసులో చేప ముక్క, మామిడికాయ ముక్క తెల్లవారే వరకు ఊరి, పులుపు లోపలికంటా దిగుతుంది. మట్టి దాక అయితే మరీ మంచిదని అక్కడి గృహిణులు అంటారు.

ఈ పులుసును ఒక్కసారి విడదీసి చూద్దాం. చేప మన నీటిది. మామిడి మన నేలది. చింతపండు సంగతి చిత్రమైనది. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా ఖండమని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. అది మన దేశానికి ఎంత ప్రాచీన కాలంలో చేరినదంటే, అరబ్బు వర్తకులు దానిని చూచి ఇక్కడి పండే అనుకొని 'తమర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరం, అని పేరు పెట్టారు. ఆంగ్లంలో దానికున్న పేరు ఆ అరబ్బీ మాట నుండి వచ్చినదే. ఇక కారం. మిరప అమెరికా ఖండానికి చెందిన మొక్క. పోర్చుగీసువారు సముద్రమార్గాన మన దేశానికి రాకముందు తెలుగువారికి మిరపకాయ తెలియదు. అంతకుముందు కారానికి ఆధారం మిరియం. కొత్తగా వచ్చిన కాయకు మనవారు పాత మిరియం పేరునే మార్చి మిరపకాయ అన్నారు.

అనగా మనం అచ్చ తెలుగు వంట అని గర్వంగా చెప్పుకొనే పులుసులో ఆఫ్రికా, అమెరికా ఉన్నాయి, అరబ్బు వర్తకుని నాలుక ఉన్నది, పోర్చుగీసు నావ ఉన్నది. అయినా అది నెల్లూరిదే. గుంటూరు మిరపను పరాయిదని ఎవరైనా అనగలరా? సీతాఫలం కూడ అమెరికా నుండి వచ్చినదే. మనవారు దానికి ఏకంగా సీతాదేవి పేరు పెట్టుకున్నారు. జామ, బొప్పాయి, వేరుశనగ, జీడిమామిడి అన్నీ ఆ దారిన వచ్చినవే.

నెల్లూరిలో మరొక విశేషం కూడ చూడదగినది. స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా కలదు. పన్నెండుమంది అమరుల సమాధులున్న చోటు అది. ప్రతి సంవత్సరం మొహర్రం మాసంలో అక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక కలవారు చెరువు నీటిలో నిలబడి, ఆ కోరిక అంతకుముందు తీరినవారి చేతి నుండి ఒక రొట్టె అందుకుంటారు. తమ కోరిక ఈడేరిన తరువాతి సంవత్సరం తామొక రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు. విద్యా రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె అని వాటికి పేర్లు. ఇచ్చేవారి మతమేది, పుచ్చుకునేవారి మతమేది అని ఆ నీటిలో ఎవరూ అడగరు. రొట్టెకు ఉన్న అర్హత ఒక్కటే, అది ఒకరి కృతజ్ఞత కావడం. ఉద్యోగ రొట్టె కోసం బారులు తీరిన యువకులను చూచినప్పుడు, మన విద్యార్థుల ఆశలు, దిగుళ్ళు ఇతరుల ఆశలకు, దిగుళ్ళకు ఎంత దగ్గరివో తెలిసివస్తుంది.

మోటుపల్లి: అభయం ఇచ్చిన రేవు

నెల్లూరు నుండి ఉత్తరంగా ఒంగోలు దాటి పోతే చీరాల సమీపంలో మోటుపల్లి అనే చిన్న గ్రామం వస్తుంది. ఇసుక, తాటిచెట్లు, పాత దేవాలయాలు తప్ప నేడు అక్కడ రేవు జాడ కనబడదు. కాని కాకతీయుల కాలంలో అది ప్రఖ్యాతమైన ఓడరేవు. 13వ శతాబ్దిలో వచ్చిన ఇటలీ యాత్రికుడు మార్కో పోలో ఈ రేవు పేరుతోనే ఈ రాజ్యాన్ని వర్ణించి, ఇక్కడి సన్నని వస్త్రాలను ప్రశంసించాడు.

అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయ శాసనం ఉన్నది. దాని కాలం 1244-45. అంతకుముందు తుపానుకు గురియై తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పాలకులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ దురాచారాన్ని మాన్పి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని దేశదేశాల వర్తకులకు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, పోకలు మొదలైన సరుకుల ప్రస్తావన ఆ శాసనంలో కలదు. తుపానులో సర్వం కోల్పోయిన పరదేశిని దోచుకోవడం సులభం. దోచుకోరాదని రాతిమీద వ్రాయించిన రాజు ఈ తీరాన ఉండేవాడు. ఈ సంగతి మన విద్యార్థులు కంఠస్థం చేయదగినది.

చీరాల నేతగాళ్ళు నూనెతో శుద్ధిచేసిన నూలుతో నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఎండకు, ఇసుకగాలికి అవి ఓర్చుకొనేవట. పక్కనే ఉన్న వేటపాలెంలో జీడిపప్పు పరిశ్రమ కలదు. కాయను కాల్చి, పెంకు పగులగొట్టి, పైపొర తీసి, గుండ్లను బద్దలను వేరుచేసే పనిలో ఎక్కువగా స్త్రీలే కనబడతారు. ఆ ఊరికి పోయినవారు 1918లో స్థాపించబడిన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని చూడకుండా రాకూడదు. జీడిపప్పు పొట్లం ఒక చేత, పాత పత్రికల జాబితా ఒక చేత పట్టుకొని మేము ఆ ఊరు విడిచాము.

బందరు: పేరే సాక్ష్యం

మచిలీపట్నాన్ని జనం పిలుచుకొనే పేరు బందరు. ఇది పారశీక పదం. రేవు అని అర్థం. ఒక తెలుగు పట్టణం తన వాడుక పేరునే పారశీకం నుండి తీసుకొని, ఆ సంగతిని మరచిపోయేంతగా దానిని తనదిగా చేసుకున్నది. సముద్రపు పనిలో ఇటువంటి మాటలు ఇంకా ఉన్నాయి. ఓడను నిలిపే లంగరు, పడవ నడిపించే సరంగు, రేవులో బరువులెత్తే కళాసీ, ఈ మాటలు నావలతోపాటు వచ్చి మన తీరంలో కాపురం పెట్టినవే. నిఘంటువు తీసి చూచేవరకు అవి అన్యదేశ్యాలని ఎవరికీ తోచదు.

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు వారి రాజ్యానికి ప్రధానమైన రేవు. ఇక్కడి నుండి పెగూకు, సుమత్రాకు, పారశీకానికి, అరేబియాకు నావలు పోయేవి. హజ్ యాత్రికులు కూడ ఈ రేవున నావ ఎక్కేవారు. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడికి వచ్చి వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. సమీపంలోని పెడనలో నేటికీ సాగుతున్న కలంకారీ అద్దకం ఆ వైభవానికి మిగిలిన గుర్తు. కలం అనే మాట, కారీ అనే మాట పారశీకం నుండి వచ్చినవి. నేసిన నూలు, అద్దిన రంగు, కరక్కాయ నీటిలో ఊరిన చేయి మాత్రం కృష్ణాజిల్లావి.

ఇక బందరు లడ్డు. దీనికి 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. బుందేల్‌ఖండ్ నుండి వలసవచ్చిన బొందిలీ కుటుంబాలవారు దీనిని ఈ ఊరికి తెచ్చారని స్థానికంగా చెప్పుకుంటారు. చేసే పద్ధతి తెలిస్తే దాని ఖ్యాతికి కారణం బోధపడుతుంది. ముందుగా శనగపిండిని కలిపి సన్నని పూసగా వత్తి వేయిస్తారు. దానిని రోటిలో వేసి దంచి, జల్లించి మెత్తని పొడి చేస్తారు. ఆ పొడిని బెల్లపు పాకంలో కలిపి మళ్ళీ రోటిలో వేసి, నెయ్యి పోస్తూ రోకళ్ళతో తొక్కుతారు. పూసలోని గరుకు, పాకంలోని జిగట రెండూ పోయి, పిండి వెన్నవలె అయ్యేవరకు ఈ పని సాగుతుంది. అందుకే దీనికి తొక్కుడు లడ్డు అని మరొక పేరు. పళ్ళు లేని వృద్ధుడు కూడ సుఖంగా తినగలడు. ఆ మార్దవం వెనుక ఎన్ని భుజాల నొప్పి ఉన్నదో దంచేవారిని చూచినవారికి తెలుస్తుంది.

శనగపిండి లడ్డు ఉత్తరాదిన అంతటా ఉన్నది. దానిని బందరు లడ్డుగా చేసినవి డెల్టా బెల్లం, డెల్టా నెయ్యి, ఈ ఊరి రోలు, రోకలి. వచ్చినవారు పద్ధతి తెచ్చారు, నేల పదార్థం ఇచ్చింది, శ్రమ రెంటినీ కలిపింది. దాని పక్కనే అంగడిలో నల్లగా మెరుస్తూ ఉండే బందరు హల్వా కథ కూడ ఇటువంటిదే. హల్వా అరబ్బీ మాట. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లంతో గంటలకొలది కలియబెట్టి దానిని తయారుచేస్తారు. గోధుమ ఈ డెల్టా పంట కాదు. అయినా బందరు హల్వా బందరుదే.

ఈ ఊరు అనుభవించిన దుఃఖం కూడ చెప్పుకోవాలి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పైవేలమంది మరణించారు. రేవు మేటవేసి నావలు దూరంగా నిలవవలసి రావడం, వర్తకం ఇతర రేవులకు తరలిపోవడం తోడై పట్టణం క్షీణించింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. 2023లో ఇక్కడ కొత్త ఓడరేవు నిర్మాణం మొదలైనది. రేవు పూడినా, ఉప్పెన ఊడ్చుకుపోయినా, ఈ ఊరివారు లడ్డు దంచడం మానలేదు.

గోదావరి పాయల మధ్య

నరసాపురం వైపు పోయినప్పుడు నేల స్వరూపం మారుతుంది. కాలువలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు. 17వ శతాబ్దిలో ఇక్కడ పెద్ద ఓడలు కట్టేవారు. సమీపంలోని మాధవాయపాలెం పేరు ఒక రకం తెల్లని నూలుబట్టకు పేరై, మడపొల్లం అనే రూపంలో విదేశాలకు ప్రాకింది. నేడు ఈ ప్రాంతపు పేరును విదేశాలకు మోసేది రొయ్య. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య పెంపకానికి మన దేశంలో అనుమతి లభించిన తరువాత భీమవరం పరిసరాలలో వరిచేలు అనేకం చెరువులుగా మారాయి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఆ వార్త ముందుగా కలవరపెట్టినది ఈ చెరువుగట్ల మీది రైతులనే. ధనం వచ్చినది నిజం. పొరుగు పొలానికి, తాగునీటికి ఉప్పు సోకుతున్నదన్న రైతుల ఆవేదన కూడ నిజం.

గోదావరి జిల్లాలవారి అభిమానమంతా పులస మీద. సముద్రంలో ఉన్నంతవరకు ఆ చేప విలస. వర్షకాలంలో ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు అది గుడ్లు పెట్టడానికై ప్రవాహానికి ఎదురీదుతూ గోదావరిలో ప్రవేశిస్తుంది. ఆ ఎదురీతలో దాని రుచి మారి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. బెంగాలీలు ప్రాణసమానంగా చూచే ఇలిష్ ఈ జాతి చేపయే. 1852లో కాటన్ దొర పూర్తిచేయించిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టినది. పులసకు మాత్రం అదే పొలిమేర అయినది. నేడు ఈ చేప అరుదై, ధర సామాన్యునికి అందనంత పెరిగినది. మేము దాని రుచి చూచినది ఒక మిత్రుని ఇంట, ఒక్క ముక్క మాత్రమే. ముళ్ళు ఏరుకొనే ఓర్పు ఉన్నవారికి ఆ ఒక్క ముక్క చాలు.

ఇక్కడ మత విషయం ఒకటి ప్రస్తావించడం అప్రస్తుతం కాదు. ఆంధ్ర ముస్లిములలో అత్యధికులు హనఫీ ధర్మశాస్త్రాన్ని అనుసరించేవారు. ఆ శాస్త్రం ప్రకారం జలచరాలలో చేప భోజ్యం. పీతను వర్జిస్తారు. రొయ్య చేపల కోవలోకి వస్తుందా రాదా అన్నదానిపై పండితులలో భేదాభిప్రాయం కలదు. షాఫియీ సంప్రదాయంవారికి ఈ సందేహం లేదు. పులస విషయంలో మాత్రం అందరిదీ ఏకాభిప్రాయమే.

ఆత్రేయపురం పూతరేకులు చూడవలసిన పని. నున్నని కుండను బోర్లించి క్రింద కొబ్బరాకుల మంట పెడతారు. పలుచని బియ్యపు పిండినీటిలో గుడ్డను తడిపి కుండ మీద ఒక్కసారి లాగుతారు. రెప్పపాటులో పొరవంటి రేకు లేస్తుంది. దానిలో నెయ్యి రాసి, చక్కెరపొడియో బెల్లపుపొడియో చల్లి మడుస్తారు. 2023లో దీనికి కూడ భౌగోళిక సూచిక లభించినది. ఈ రేకు తీసేవారు దాదాపు అందరు స్త్రీలే. రోజంతా పొయ్యి సెగ ముందు కూర్చొని ఒకే కదలికను వందలసార్లు చేసే ఆ చేతులకు దక్కే కూలి, నగరపు అంగడిలో పెట్టె మీద ముద్రించిన ధరతో పోలిస్తే ఎంతో స్వల్పం. పేరు ఊరికి వచ్చినది. ప్రతిఫలం చేతికి కూడ రావాలి.

కోరంగి నుండి కళింగం వరకు

కాకినాడకు దక్షిణాన మడ అడవుల అంచున కోరంగి ఉన్నది. ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు అది పేరు పొందిన రేవు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని నేలమట్టం చేశాయి. ఊరు పోయినా పేరు పోలేదు. ఈ తీరం నుండి బర్మాకు పొట్టకూటికై పోయిన తెలుగు కూలీలను అక్కడివారు కోరంగీలు అని పిలిచేవారు. మన ఇంటికి వచ్చినవారిని వారి ఊరి పేరుతో మనం పిలిచినట్లే, మనవారిని కూడ పరాయి దేశం మన ఊరి పేరుతో పిలిచింది. అక్కడ వారు విన్న ప్రశ్న కూడ ఇదే: "మీరు ఇక్కడివారా, ఎక్కడినుండో వచ్చినవారా?" 1942లో జపానువారి దండయాత్ర సమయంలో వేలమంది ప్రాణాలు అరచేత పట్టుకొని తిరిగి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉన్నది.

కాకినాడ కాజా, తాపేశ్వరం మడత కాజా తెలియని తెలుగువారు ఉండరు. కాకినాడ గొట్టం కాజాను కొరికితే లోపలి పాకం నోటిలో చిమ్ముతుంది. తాపేశ్వరం కాజా పొరలు పొరలుగా విడుతుంది. కాజా అనే పేరు ఖాద్యం నుండి వచ్చినదంటారు. పూరీ జగన్నాథుని ప్రసాదంలోను, బీహారులోని సిలావ్ ఊరిలోను దీని బంధువులు ఉన్నాయి. కాకినాడ సమీపంలోని ఉప్పాడలో జాందానీ చీరలు నేస్తారు. జాందానీ పారశీకపు మాట, మగ్గం మాత్రం తెలుగువారిది. ఆ ఉప్పాడ ఊరిని సముద్రం కొంచెం కొంచెంగా కోసివేస్తున్నది. 1923లో ఈ కాకినాడలోనే అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగినది. దానికి అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. ఉర్దూ వక్త సభకు తెలుగు పట్టణం ఆతిథ్యమిచ్చిన సందర్భమది.

కాకినాడ దగ్గరి యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండి, నేడు పుదుచ్చేరిలో భాగమై ఉన్నది. పేటల పేర్లలో తప్ప వంటలో ఫ్రెంచి జాడ మాకు అంతగా కనబడలేదు. పాలించినంత మాత్రాన వంటింటిలో చోటు దొరకదని దీనివలన తెలుస్తున్నది.

విశాఖపట్నంలో 1933లో ఆధునిక నౌకాశ్రయం ప్రారంభమైనది. దాని ముఖద్వారం సమీపంలో మూడు కొండలు ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరాలయం, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. లోనికి వచ్చే నావికుడు ఏ మతంవాడైనా నమస్కరించడానికి ఒక కొండ ఉన్నది. ఇక్కడికి లోతట్టున, కొండల పాదాన ఉన్న మాడుగుల హల్వాకు ప్రసిద్ధి. గోధుమలు నానబెట్టి తీసిన పాలతో కట్టెలపొయ్యి మీద చేసే ఈ హల్వా పరిసర జిల్లాలలో పెళ్ళి సారెలో స్థానం సంపాదించుకున్నది. అరబ్బీ పేరు గల మిఠాయి తెలుగు ఆడపడుచు సారెలో పోతున్నదంటే అంతకు మించిన పౌరసత్వం ఏమి కావాలి? భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు, నౌపడలో ఉప్పుమళ్ళు, పలాసలో జీడిపప్పు బట్టీలు చూచి మేము ఈ ప్రయాణాన్ని ముగించాము.

ఒక కుండ, రెండు పేర్లు

ఈ తీరమంతటా మాకు బోధపడిన విషయం ఇది. ఒక వంట ఇక్కడిదా కాదా అని నిర్ణయించేది దాని పుట్టుక కాదు. ఇక్కడి నీరు, ఇక్కడి దినుసు, ఇక్కడి శ్రమ దానిలో ఎంత కలిశాయి, ఇక్కడివారు దానిని తమ శుభాశుభాలలో ఎంత చేర్చుకున్నారు అన్నవే నిర్ణయిస్తాయి. భాషకు కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. మనుష్యులకు కూడ వర్తించాలి.

మన ఇళ్ళలోనే దీనికి నిదర్శనం ఉన్నది. గోంగూరతో మాంసం వండితే పొరుగింటివారు గోంగూర మాంసం అంటారు. మన ఇంట దానిని అంబాడా గోష్త్ అంటారు. ఆకు ఒకటే, పులుపు ఒకటే, కుండ ఒకటే. రంజాన్ పండుగనాడు మనం పంపే షీర్ ఖుర్మా గిన్నె, సంక్రాంతికి వచ్చే అరిసెల గిన్నె ఒకే గోడ మీదుగా చేతులు మారతాయి. ఆ గోడ ఎత్తు పెరగకుండా చూచుకోవడం చదువుకున్నవారి బాధ్యత.

ఈ సందర్భంలో విద్యార్థులకు ఒక సూచన, కళాశాల కార్యవర్గానికి ఒక విన్నపం. తీరపు మిఠాయిలలో కొన్నిటికి గుర్తింపు పత్రాలు వచ్చాయి. ఇళ్ళలోని వంటలకు అటువంటి రక్షణ లేదు. మన నానమ్మలు, అమ్మమ్మలు ఎరిగిన వంటలు అనేకం ఏ పుస్తకంలోను లేవు. వాటి పేర్లు ఉర్దూలో ఉంటాయి, కొలతలు తెలుగులో ఉంటాయి. సోలెడు, తవ్వెడు, పిడికెడు, చిటికెడు. వారితోపాటు ఆ మాటలు కూడ పోతాయి. ప్రతి విద్యార్థి ఈ సెలవులలో తన ఇంటి పెద్దల వద్ద కూర్చొని ఒక్క వంటను, అది ఎవరి ద్వారా ఏ ఊరి నుండి తమ ఇంటికి వచ్చినదో ఆ కథతో సహా, రెండు లిపులలో వ్రాసుకొని రావాలి. వచ్చే సంవత్సరపు సంచికలో అందుకు కొన్ని పుటలు కేటాయించవలసినదిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. కుడివైపు నుండి సాగే లిపి, ఎడమవైపు నుండి సాగే లిపి ఒకే పుటలో ఎదురెదురుగా వచ్చి ఒకే వంటను గురించి చెబితే, మన కళాశాల పత్రికకు అంతకన్న తగిన అలంకారం ఉండదు.